చెట్టు పోయిన ఇంటికి పలకరింపు

(2025 నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కోనసీమలో ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో, ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరస ఖాళీగా ఉంది. బడిలోనూ ఇంతే, ఎప్పుడూ ఇంతే. రండమ్మా, ముందుకు రండి. నేనిప్పుడు ప్రశ్నలు అడగను, రిటైరయి తొమ్మిదేళ్లయింది. బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు, మైకులో గాలి హోరు వినపడుతోంది. ఆ... చాలు.

లైబ్రేరియన్ గారు నాకిచ్చిన అంశం ‘పర్యావరణం – మన బాధ్యత’. ఈ అంశం మీద ముప్పై మూడేళ్లు వ్యాసరచన పోటీలు పెట్టినవాణ్ణి. దిద్ది దిద్ది నాకు విసుగొచ్చింది. రాసి రాసి పిల్లలకీ వచ్చే ఉంటుంది. అందుకని ఆయనతో అన్నాను, ‘బాధ్యత’లో ‘బాధ’ వరకూ ఉంచి మిగతాది తీసేస్తానండీ, పర్వాలేదా అని. ఆయన నవ్వారు. సరే కానివ్వండి అన్నారు. కాబట్టి ఈవేళ బాధ గురించి మాట్లాడుకుందాం. మీకు తెలియని విషయం ఒక్కటీ చెప్పబోవడం లేదు.

మన వైపు ఎవరింట్లోనైనా మనిషి పోతే ఏం చేస్తాం? కబురు తెలిసిన వెంటనే వెళ్తాం. పెళ్లికైతే పిలవాలి. చావుకి ఎవరూ పిలవరు, మనమే వెళ్తాం. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కింటివాళ్లు అన్నం వండి పంపుతారు. వెళ్లినవాళ్లం కూర్చుంటాం. ఏం మాట్లాడాలో తెలియదు. ‘ఎలా జరిగింది’ అని అడుగుతాం, మనకి తెలిసినా అడుగుతాం. వాళ్లు మొదటినుంచీ చెప్పుకొస్తారు. ఇంతలో ఇంకొకరు వస్తారు, మళ్లీ మొదటినుంచీ చెబుతారు. ఒక్క రోజులో ఇరవై సార్లు. ఎందుకో ఆలోచించారా? పదోసారి చెప్పేటప్పటికి ఆ మనిషికి తను చెబుతున్నది కొంచెం కొంచెంగా నమ్మకం కలుగుతుంది. లేచేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అనం. ఏమీ అనకుండానే చెప్పులేసుకుని వచ్చేస్తాం.

దీన్నే మనం పలకరింపు అంటాం. పరామర్శ అని పెద్ద మాటుంది గానీ నాకు పలకరింపే ఇష్టం. మన క్రైస్తవ సోదరుల్లో ఆదరణ కూడిక పెడతారు. ఎంత మంచి మాటండీ అది! ఆదరణ కోసమే కూడటం. ఇది ఏ కౌన్సెలింగ్ కోర్సులోనూ నేర్చుకోలేదు మనం. మా అమ్మమ్మకి చదువు రాదు, కానీ చావింటికి వెళ్తే ఎక్కడ కూర్చోవాలో, ఎంతసేపు కూర్చోవాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో ఆవిడకి తెలుసు.

మరి చెట్టు పోతే ఎవరొస్తారు? లంకలో, అంటే ఏటి మధ్య దిబ్బ మీద, రెండెకరాలు గోదాట్లో కలిసిపోతే పలకరించడానికి ఎవరు వెళ్తారు? నేనివాళ చెప్పదల్చుకున్నది ఇంతే. మిగతాదంతా నా సొద. అది కూడా వింటారని నా ఆశ.

పలకరింపు లేకపోతే ఎలా ఉంటుందో నాకు 2021 మే నెలలో తెలిసింది. మా ఆవిడ సంగతి మీలో చాలామందికి తెలుసు. కోవిడ్ రెండో వేవ్. పట్నంలో ఒక ఆసుపత్రిలో పోయింది. నాకూ పాజిటివే, ఇంట్లో ఒక గదిలో ఉన్నాను. అమ్మాయి హైదరాబాదులో ఉండిపోయింది. నలుగురు ఎవరో, ముఖాలు కనపడకుండా, కార్యక్రమం కానిచ్చేశారు. వాళ్లకి నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను, కానీ వాళ్లెవరో నాకు తెలియదు. పదకొండో రోజున మా ఇంట్లో ఎంతమంది భోజనం చేశారో తెలుసా? నేనొక్కణ్ణే.

ఫోన్లు వచ్చాయి. బోలెడు వచ్చాయి. అందరూ ఒకటే మాట, ‘ధైర్యంగా ఉండండి మాస్టారూ’. ఉంటానండీ, ఉంటానండీ అని చెప్పి పెట్టేసేవాణ్ణి. వాళ్ల తప్పేం లేదు. ఫోనులో పక్కన కూర్చోలేం కదా.

ఎదురింటి వదినగారు మాత్రం, ఆవిడ ఇక్కడే ఉన్నారు, పేరు చెబితే కోప్పడతారు, రోజూ సాయంత్రం ఒక క్యారేజీ తెచ్చి మా ప్రహరీ గోడ మీద పెట్టేవారు. పెట్టి, రోడ్డు దాటి అవతలికి వెళ్లి నిలబడేవారు. నేను బయటికొచ్చి తీసుకునేదాకా వెళ్లేవారు కాదు. తీసుకున్నాక కూడా ఓ పది నిమిషాలు అక్కడే. ఆవిడ అటు, నేనిటు, మధ్యలో రోడ్డు. మాటల్లేవు. ఒకరోజు మాత్రం అక్కణ్ణుంచి గట్టిగా అడిగారు, “అన్నయ్యగారూ, నిన్న పులుసులో ఉప్పెక్కువైందా అండీ?” అని. నాకప్పటికి రుచీ వాసనా రెండూ పోయాయి. ఉప్పేమిటి, కారమేమిటి, ఏమీ తెలియడం లేదు. “లేదండీ, సరిపోయింది” అన్నాను. అన్నాక లోపలికెళ్లి అప్పుడు ఏడ్చాను. అప్పటికి ఆరు రోజులు, అదే మొదటిసారి ఏడవడం. ‘ధైర్యంగా ఉండండి’ అని అరవైమంది అన్నప్పుడు రాని ఏడుపు, ఉప్పు గురించి అడిగితే వచ్చింది. ఎందుకొచ్చిందో నేను బయాలజీ మాస్టార్ని, నాకు తెలియాలి. తెలియదు.

సరే. ఇప్పుడు తోట దగ్గరికి వద్దాం.

మాకు డ్రెయిన్ పక్కన, అంటే సముద్రంలోకి పోయే మురుగు కాలువ పక్కన, ఎకరంన్నర కొబ్బరి తోట ఉండేది. ఉంది అనాలో ఉండేది అనాలో తెలియడం లేదు, అందుకే మాట తడబడుతోంది. 1996 తుఫాను మీకు గుర్తుంది కదా? పిల్లలకి గుర్తుండదు. ఈ చివర కూర్చున్నవాళ్లెవరూ అప్పటికి పుట్టలేదు. నవంబరు 6 రాత్రి. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది, పిల్లల కోసం కొన్న మతాబులు అటకమీదే తడిసిపోయాయి. మొత్తం మీద వెయ్యి మందికి పైగా పోయారు. వేటకెళ్లిన మత్స్యకారులు ఎంతోమంది తిరిగి రాలేదు. తెల్లారి నేను వాకిట్లోకి వస్తే ఎదురుగా గుడి గోపురం కనపడింది. మా ఇంటి దగ్గర్నుంచి గోపురం కనపడటం అదే మొదటిసారి. ఎప్పుడూ చెట్లు అడ్డమే కదా! చూపు అంతదూరం పోతుంటే భయమేసింది. నష్టం అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది, కనపడకూడనిది కనపడటం.

ఆ మరుసటి ఏడు తొలకరికి మా ఆవిడ మొక్కలు పెట్టించింది. తొంభై రెండు. దేశవాళీ పొడుగు రకం. కాపుకి రావడానికే ఏడెనిమిదేళ్లు పడుతుంది. ‘ఎవరికోసం పెడుతున్నావే’ అంటే, ‘మనకోసమే, నువ్వు అప్పటికి పోతావా ఏంటి’ అనేది. నేను పోలేదు.

ఆ తొంభై రెండు చెట్లలో ఈవేళ తల ఉన్నవి పదిహేడు.

ఎలా పోయాయో మీకు చెప్పక్కర్లేదు, శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఊళ్లన్నీ తిరిగి చూసినవాళ్లే మీరంతా. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్లు డ్రెయిన్లోకి ఎగదన్నుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకా ఎక్కువ. వచ్చిన నీరు తిరిగి లాగకుండా చెట్ల మొదళ్లలో నిలబడిపోతుంది. కొబ్బరి కొంత ఉప్పు తట్టుకుంటుంది, సముద్రపు ఒడ్డు చెట్టే కదా. కానీ వేళ్లు రోజులతరబడి ఉప్పు నీళ్లలో నానితే ఊపిరాడదు. ముందు కింది మట్టలు పసుపు రంగుకి తిరుగుతాయి. తర్వాత కాయ సైజు తగ్గుతుంది. పిందెలు రాలతాయి. మొవ్వు వాలుతుంది. ఒకరోజు తల ఊడి పడిపోతుంది, మోడు నిలబడి ఉంటుంది. ఇదంతా జరగడానికి ఒక్కో చెట్టుకి నెలలు, ఏళ్లు.

ఇక్కడొక తేడా ఉంది, గమనించండి. తుఫానులో అందరి చెట్లూ ఒక్క రాత్రిలో పడ్డాయి. అందరం రోడ్డు మీదే ఉన్నాం, అందరం కలిసే ఏడ్చాం. మంత్రులొచ్చారు, కెమెరాలొచ్చాయి, పులిహోర పొట్లాలొచ్చాయి. మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కూడా అంతే, ఎక్కడెక్కడి చుట్టాలో ఫోన్లు చేశారు, ‘బాగున్నారా’ అని. కానీ ఒక్కో మట్ట చొప్పున చచ్చిపోయే చెట్టుకి ఏ రోజు ఫోన్ చేస్తారు? ఏ తేదీన వస్తారు? దానికి తిథి లేదు కదా.

ఇది మన ఒక్కళ్ల బాధే అనుకోకండి. ఆస్ట్రేలియాలో గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ అని ఒక తత్వవేత్త ఉన్నారు. అక్కడ హంటర్ వ్యాలీ అనే చోట ఓపెన్ కాస్ట్ బొగ్గు గనులొచ్చి ఊళ్ల చుట్టూ నేల రూపమే మారిపోయింది. ఆ జనం ఊరొదిలి వెళ్లలేదు. ఇంట్లోనే ఉన్నారు, అయినా ఇంటికి దూరమైనట్టు కుమిలిపోయేవారు. దానికి ఆయన 2003లో ఒక మాట పుట్టించారు, సోలాస్టాల్జియా అని. నోరు తిరగదు. నాకు రెండు రోజులు పట్టింది. తెలుగులో చెప్పమంటే, ఇంట్లో ఉండగానే ఇంటి మీద బెంగ. హాస్టల్లో పిల్లాడు ఇంటి మీద బెంగెట్టుకున్నాడంటే సెలవులకి తీసుకొస్తాం, తగ్గిపోతుంది. ఇంట్లో ఉన్నవాడే ఇంటి మీద బెంగెట్టుకుంటే ఎక్కడికి తీసుకెళ్తాం?

2018లో ఆష్లీ కన్సోలో, నెవిల్ ఎల్లిస్ అని ఇద్దరు పరిశోధకులు ఒక పత్రం రాశారు. కెనడా ఉత్తరాన మంచు సముద్రం మీద బతికే ఇన్యుయిట్ జనంతో ఒకరు, ఆస్ట్రేలియాలో గోధుమ రైతులతో ఒకరు మాట్లాడారు. ఒకరిది మంచు, ఇంకొకరిది దుమ్ము. ఇద్దరి బాధా ఒకటే. ‘ఇది మా తాతలు చూసిన నేల కాదు, మరి మేమెవరం’ అన్న ధోరణి. పర్యావరణం పోవడం వల్ల కలిగేది కూడా దుఃఖమే, దాన్ని దుఃఖంగానే చూడాలని వాళ్లు రాశారు. మన కేశనపల్లి రైతుని తీసుకెళ్లి ఆ ఇన్యుయిట్ వేటగాడి పక్కన కూర్చోబెడితే భాష రాకపోయినా ఇద్దరూ తలకాయ ఊపుకుంటారని నాకనిపిస్తుంది.

మన నేలంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయబట్టి మూడు పూటలా అన్నం తిన్నాం. విగ్రహాలు పెట్టాం, పెట్టాల్సిందే. ఆ తర్వాత పైన, నది పొడుగునా, ఎన్నో జలాశయాలు వచ్చాయి. ఒండ్రు వాటి వెనకే ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి 2004లోనే చెప్పారు, సముద్రంలోకి పెరగాల్సిన డెల్టా అంచు కోసుకుపోతోందని, ఒండ్రు తగ్గడమే దానికి ముఖ్య కారణమని. మనకి అన్నం పెట్టిన పనుల్లోంచే ఈ నష్టమూ వచ్చింది. మనిషి చచ్చిపోతే యముణ్ణి తిట్టుకుంటాం. ఇక్కడ ఎవర్ని తిట్టాలి? ఈ బాధ మింగుడు పడకపోవడానికి అదొక కారణం.

ఇక మనం అనే మాటలు. చెట్టు పోయినవాడితో మనం ఏమంటాం? మొదటి మాట, ‘ఎన్ని చెట్లు?’ రెండో మాట, ‘చెట్టుకి ఎంతిస్తున్నారు?’ అంతే కదా? నేనూ అన్నాను, నన్నూ అన్నారు. నష్టం నమోదుకి వచ్చిన కుర్రాడు చాలా మంచివాడు, మంచినీళ్లు కూడా అడగలేదు పాపం. సర్వే నంబరు, విస్తీర్ణం, చెట్ల సంఖ్య, వయసు. అన్నీ రాసుకున్నాడు. ఆ కాగితం అంతవరకే అడుగుతుంది, అది దాని తప్పు కాదు. పరిహారం రావాలి, రావాల్సిందే, దానికోసం నేనూ సంతకం పెట్టాను. కానీ పలకరింపుకి వెళ్లిన మనం కూడా ఆ కాగితంలాగే మాట్లాడితే ఎలా?

మూడో మాట ఇంకా బాగుంటుంది. ‘పోతే పోయాయి, మళ్లీ మొక్కలు పెట్టండి మాస్టారూ!’ ఆవిడ పోయిన పదో రోజున మళ్లీ పెళ్లి చేసుకోమన్నట్టుంది. నవ్వకండి, నిజంగా అలాగే ఉంటుంది. మొక్కలు పెట్టకూడదని నేననడం లేదు. పెడతాం. ఉప్పు నీరు ఆగకుండా పెడితే అదీ పోతుంది, అది వేరే లెక్క. నా గొడవ ఆ మాట చెప్పే సమయం గురించి.

నా పాత శిష్యుడొకడు లంకలో ఉంటాడు. పేరు వద్దు. వాళ్లకి గోదావరి పాయ వశిష్ట ఒడ్డున రెండెకరాలు ఉండేది. ఏటి కోతలో పోయింది. ఒకసారి కాదు, ప్రతి వరదకీ కొంచెం కొంచెంగా. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిందే, ఆ వరదతో మిగిలిన ముక్క కూడా పోయింది. వాడు మా ఇంటికొచ్చి పాస్‌పుస్తకం తీసి చూపించాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు, తడవకుండా. నేల తడిసి కరిగిపోయింది, పుస్తకం తడవలేదు. “మాస్టారూ, కాగితం బీరువాలో ఉందండి, భూమి గోదాట్లో ఉందండి. ఇప్పుడు నేను రైతునా, కాదా?” అన్నాడు. ఏం చెప్పను?

అమెరికాలో పాలిన్ బాస్ అనే ఆవిడ, యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేస్తూ ఇలాంటి బాధని గమనించారు. పోయాడని అనలేరు, ఉన్నాడని అనలేరు. తేలని నష్టం అందాం మనం. తొంభై ఆరు తుఫానులో శవం కూడా దొరకని మత్స్యకారుల భార్యలు ఎన్నేళ్లు బొట్టు తీయకుండా ఎదురుచూశారో ఆ ఊళ్లలో అడగండి. ఏడేళ్లు కబురు లేకపోతే పోయినట్టు భావించవచ్చని చట్టం చెబుతుంది. మనసుకి ఆ లెక్క ఎక్కడ తెలుస్తుంది? లంక రైతుదీ అదే పరిస్థితి. ఏటి మధ్యలో పడవ మీద వెళ్తూ ‘ఇదిగో, ఇక్కడే మా బెండ తోట’ అని నీళ్లు చూపిస్తాడు. మీరు వినే ఉంటారు. అప్పుడు నవ్వకుండా, ‘ఏం వేసేవాళ్లు అందులో? అరటి కూడా వేసేవాళ్లా?’ అని అడగండి. వాడు మాట్లాడుతూనే ఉంటాడు, అవతలి రేవు వచ్చేదాకా.

మా తోటకి దింపు తీసే మనిషి, అంటే చెట్టెక్కి కాయలు దించే అతను, నెలన్నరకో రెండు నెలలకో వచ్చేవాడు. వాళ్ల నాన్న కూడా మా నాన్న తోటలో దింపు తీసినవాడే. మొన్న శ్రావణంలో కబురు చేయకుండానే వచ్చాడు. దించడానికి ఏముంది? అయినా వచ్చాడు. తోటలో వరసలన్నీ ఒకసారి తిరిగాడు. ఒక మోడు దగ్గర ఆగి దాని మీద అరచెయ్యి వేసి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీశాడు. “ఇది అమ్మగారి చెట్టండి. దీని గెల దించేటప్పుడు కిందనుంచి అమ్మగారు ‘నెమ్మదిరా, నెమ్మదిరా’ అనేవోరండి. గెలకి చెప్పేవోరో నాకు చెప్పేవోరో తెలిసేది కాదండి” అన్నాడు. ఆ చెట్టు ఏదో నాకు తెలియదు! ముప్పై ఏళ్లు కాపురం చేసి, ఆవిడకి ఫలానా చెట్టంటే ఇష్టమని నాకు తెలియదు. అతనికి తెలుసు. ఆ రోజు నా భార్యకీ నా తోటకీ కలిపి ఒక్కడే పలకరింపుకి వచ్చాడు. కూర్చుని టీ తాగాడు. వెళ్లేటప్పుడు ‘వస్తానండి’ అనలేదు. అది గమనించాను నేను. ఏమీ అనకుండా వెళ్లిపోయాడు, చావింటి నుంచి వెళ్లినట్టే.

అతను వెళ్లాక నాకు అనిపించింది, ఇది మనం అందరం చేయొచ్చు కదా అని.

అప్పట్నుంచి ఆదివారం సాయంత్రం మా అరుగు మీద కూర్చుంటున్నాం. ఆరుగురం, ఏడుగురం. ఒక గంట. మొదటి ఆదివారం ఏమైందో చెప్పమంటారా? పూర్తిగా ఫెయిల్. అయిదు నిమిషాల్లో డ్రెయిన్ పూడిక గురించి మొదలైంది, అక్కణ్ణుంచి గేట్ల గురించి, అక్కణ్ణుంచి ఏ పార్టీ ఏం చేసిందీ, ఇంక చొక్కాలు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ కోపం అబద్ధమని నేననను. తర్వాత వారం ఒక ఏర్పాటు చేసుకున్నాం. అర్జీల సంగతి గంట తర్వాత, టీ అప్పుడు. ఈ గంటలో మాత్రం ఎవరిది ఏం పోయిందో వాళ్లు చెబుతారు, మిగతావాళ్లు వింటారు. సలహా ఇవ్వకూడదు. లెక్క అడగకూడదు. “చావుకి పోయినట్టు కూర్చోవాలా ఏంటి మాస్టారూ?” అన్నాడు ఒకతను. “అవున్నాయనా, సరిగ్గా అలాగే” అన్నాను.

ఏం చెబుతారు అంటారా? పెద్దవేమీ ఉండవు. ఒకాయన పూర్తిగా పులస గురించే మాట్లాడాడు. గోదారికి వరద ఎర్రనీరు రాగానే వాళ్ల నాన్న వల తీసి బాగుచేసుకునే తీరు, మొదటి చేప పడ్డ రోజు ఇంట్లో సందడి. పుస్తెలమ్మైనా పులస తినాలనేవారు కదా, ఇప్పుడు పుస్తెలమ్మినా ముక్క రాదు. అదీ నవ్వుతూనే చెప్పాడు, చెప్పి తల వంచుకున్నాడు.

ఇంకొకావిడ, మా తోటలో రాలిన మట్టలు ఏరుకుని ఈనెలు తీసి చీపుళ్లు కట్టి అమ్ముకునేది. ఆవిడకి సెంటు భూమి లేదు. మొదటి రెండు వారాలు అరుగు కిందే నిలబడింది, పైకి రమ్మంటే రాలేదు. మూడో వారం వచ్చి కూర్చుంది, చేతిలో పనితోనే. ఆకు మడిచి కత్తితో ఒక్క లాగు లాగితే ఈనె ఒకవైపు, ఆకు ఒకవైపు. సర్రుమని చప్పుడు. ఆ చప్పుడు వింటూ చెప్పింది, “నాది ఒక్క చెట్టూ లేదు బాబుగారూ, నాకు రాసేదేం లేదు. పాతికేళ్లు ఈ చెట్లే నా పిల్లల్ని సాకాయండి. ఇవి ఆఖరి మట్టలు కదా, అమ్మబుద్ధి కావట్లేదు”. ఆ చీపురు మా ఇంట్లో ఉంది. ఇంకా దాంతో ఊడ్చలేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో పెద్ద తెలిసినవాణ్ణి అనుకుంటారు. ఒకతను వచ్చేవాడు. పదేళ్ల కిందట తోట కొట్టించి రొయ్యల చెరువు తవ్వించాడు. అది రెండేళ్లు బాగుంది, తర్వాత వైరస్ వచ్చి మునిగాడు. ఇప్పుడు ఆ నేలలో ఏమీ రాదు. అతను ఏడుస్తూ చెబుతుంటే నేను, అవును, ఈ నేనే, “మరి చెరువు తవ్వించింది నువ్వే కదయ్యా” అన్నాను. ఆ చుట్టుపక్కల నేల చవుడెక్కిందనే నా కోపం అలా బయటికొచ్చింది. నిజమే అన్నాను. కానీ అక్కడ అనాల్సింది కాదు. కొడుకుని సరిగా చూసుకోక పోగొట్టుకున్న తండ్రి దగ్గరికెళ్లి ‘నువ్వే కదా’ అంటామా? తప్పు తనదే అయినవాడికి దుఃఖం రెట్టింపు ఉంటుంది, చెప్పుకునే చోటు సగం కూడా ఉండదు. అతను మరుసటి ఆదివారం నుంచి రాలేదు. నేనే వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి లేడన్నారు, చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. రెండోసారి బయటికొచ్చాడు, మంచినీళ్లిచ్చాడు. చెరువు గట్టు దాకా కలిసి నడిచాం. ఇంకా అరుగు మీదకి రాలేదు.

ఒక ముఖ్యమైన సంగతి, ఇది మాత్రం కాగితం మీద రాసుకోండి. పలకరింపు అన్నింటికీ మందు కాదు. మనిషి నిద్ర మానేసినా, తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నా, ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట నోటివెంట వచ్చినా, అది అరుగు మీద తేలే విషయం కాదు. ఒంటరిగా వదలకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా రాదు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. ప్రభుత్వానిది టెలీ మానస్ అని ఒక ఫోన్ సేవ ఉంది, 2022లో మొదలుపెట్టారు. నంబరు 14416. ఉచితం. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఒన్ ఫోర్ ఫోర్ ఒన్ సిక్స్. మళ్లీ చెబుతున్నాను, 14416. లైబ్రేరియన్ గారూ, దీన్ని నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పక్కన మనిషిని తోడు తీసుకుని ఏరియా ఆసుపత్రికి వెళ్లడం కూడా పలకరింపులో భాగమే.

ఇంకొక్క మాట. వెనక ఎవరో గడియారం చూస్తున్నారు, నాకు కనపడుతోంది. తర్పణం వదిలేటప్పుడు చివర్లో ఒక మంత్రం ఉంటుంది. ‘ఆబ్రహ్మస్తంబపర్యంతం’ అని. నేను చాలాకాలం స్తంభం అనుకునేవాణ్ణి, రాతిస్తంభం. కాదుట. స్తంబం అంటే గడ్డిదుబ్బు. బ్రహ్మదేవుడి దగ్గర్నుంచి గడ్డిదుబ్బు దాకా అందరికీ తృప్తి కలగాలని నీళ్లు వదులుతాం. మా ఆవిడ సంవత్సరీకానికి పురోహితుడు ఆ మంత్రం చెబుతుంటే ఆపి, “ఇందులో కొబ్బరిచెట్టు వస్తుందా అండీ?” అని అడిగాను. ఆయన కుర్రవాడు. కాసేపు ఆలోచించి, “గడ్డి వచ్చినప్పుడు చెట్టు రాదా అండీ, మధ్యలోదే కదా” అన్నాడు. సరే, అని ఇంకో దోసెడు వదిలాను. ఇది అందరికీ కుదిరే పద్ధతి కాదు, ఎవరి పద్ధతి వాళ్లది. ఆదరణ కూడికలో ఒక పాట ఆ పోయిన నేల కోసం కూడా పాడుకోవచ్చు కదా అని మా అరుగు మీదే ఒక పాస్టరుగారు అన్నారు. ఆలోచిద్దామన్నారు.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. ఆ... తోట నరికించేస్తారా అని అడుగుతోంది ఈ పాప. మోళ్లు. కొట్టించెయ్యమని అందరూ అంటున్నారు, పురుగు చేరుతుంది, మిగతావాటికి పడుతుంది. నిజమే, శాస్త్రం చదువుకున్నవాణ్ణి, నాకు తెలుసు. సంక్రాంతి వెళ్లాక కొట్టిస్తాను. దింపు తీసే అతనికి కబురు చేశాను, తనే ఉండి కొట్టిస్తానన్నాడు. అమ్మగారి చెట్టు ఆఖరున. ఆ రోజు తీరికున్నవాళ్లు రండి. ఏమీ తేనక్కర్లేదు. వదినగారు అన్నం వండుతానన్నారు, ఉప్పు సంగతి నేను చూసుకుంటాను.

అయిపోయిందమ్మా, ఇంక ఏమీ లేదు. బయట టీ పెట్టారు, చల్లారిపోతోంది. ఆదివారం నాలుగింటికి మా అరుగు. కుర్చీలు నాలుగే ఉన్నాయి, చాప ఉన్నవాళ్లు తెచ్చుకోండి. ఇక్కణ్ణుంచి మాత్రం ‘వెళ్లొస్తాం’ అని చెప్పే వెళ్లండి.